కిటికీ అనే మాట

దర్శకుడు కొత్త స్క్రిప్టు కాగితాలు పంచుతున్నప్పుడు మోతమ్మ నేలమీద బోర్లా పడుకుని, పెద్ద డ్రమ్ము స్టాండు కింద చెక్కముక్క దూరుస్తోంది. రిహార్సల్ హాల్లో నేల ఒక పక్కకి వాలుగా ఉంటుంది. చెక్క పెట్టకపోతే గట్టిగా వాయించినప్పుడల్లా డ్రమ్ము కొంచెం కొంచెంగా గోడవైపు జరిగిపోతుంది. పని ముగించి, మోచేతుల దుమ్ము దులుపుకుని లేచేసరికి ఆమె వంతు కాగితాలు కర్రల సంచి మీద పెట్టి ఉన్నాయి.

మోతమ్మ అన్నది లైట్లాయన పెట్టిన పేరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు మాటలు మాట్లాడని మనిషి, చెయ్యి ఎత్తిందంటే మాత్రం హాలు దద్దరిల్లిపోతుంది. అందుకే ఆ పేరు అందరికీ నచ్చింది, ఆమెకి కూడా. అసలు పేరు 'క'తో మొదలవుతుంది. ఎవరైనా అడిగితే ఆ అక్షరం గొంతు దాటడానికే తంటాలు పడాలి. 'మ' అలా కాదు, పిలవగానే వస్తుంది. కాబట్టి కొత్తవాళ్లకి కూడా మోతమ్మ అనే చెప్పుకుంటోంది.

ఆ ప్రదర్శన మూతపడిన ఒక నూలు మిల్లు గురించి. అందులో నటన ఉంది, డాన్సు ఉంది, వెనక గోడమీద వీడియో ఉంది. అన్నిటికీ కలిపి వాయించే మనిషి ఒక్క మోతమ్మే. ఆమె సరంజామా కూడా ఓ మూలన కాదు, వేదిక నడిమధ్యలోనే. పెద్ద డ్రమ్ము, తాళ్లతో వేలాడదీసిన ఇనప రేకులు, లారీల నుంచి ఊడదీసిన బ్రేకు డ్రమ్ములు, బోర్లించిన పూలకుండీలు, పెద్ద కంచు పళ్లెంలా వేలాడే గాంగు ఒకటి. డాన్సర్లు వీటి సందుల్లోంచే తిరుగుతారు. చివరి ఘట్టంలో మిల్లులో పనిచేసిన ఆడమనిషి చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. అవి నటులు కాకుండా వాయించే మనిషే చెబితే బాగుంటుందని దర్శకుడికి మొదట్లోనే తోచింది. ఆమెకి నత్తి ఉందని తెలిసే అడిగాడు. మోతమ్మ సరేనంది. కుదరదని చెప్పి, ఎందుకు కుదరదో వివరించడం కన్నా సరేననడం చిన్న పని.

కానీ ఒప్పుకున్నాక ఆ మాటలు ఆమెని పట్టుకున్నాయి. బస్సులో కూర్చుంటే పెదాల వెనక అవే. కర్రల చివర ఊలు దారం చుట్టుకుంటుంటే అవే. 'గేటుకి తాళం వేసిన రోజు నేను లోపలే ఉన్నాను. మిషన్లు ఆగాక నా చెవులకి ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంటికెళ్లి కిటికీ తీశాను. మా వీధిలో పిట్టలున్నాయని ఆ రోజే తెలిసింది.' స్నానాలగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క అక్షరమైనా తడబడకుండా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ మనిషి తనకి బాగా తెలిసినట్టుండేది.

కొత్త కాగితాల్లో చివరి పేజీ తీసి చూసింది. మాటలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన పేరు మాత్రం మారింది. బాబాయ్ అని ఉంది.

బృందంలో పెద్ద నటుణ్ణి అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. గొంతు మంచి బరువైనది. ఆయన ఊరికే మంచినీళ్లు అడిగినా ఏదో శుభవార్త చెప్పబోతున్నట్టుంటుంది. దర్శకుడు మోతమ్మ దగ్గరికి వచ్చి, వాయించడమే ఆమెకి తలకి మించిన పని కదా, చివర్లో భారం తగ్గిద్దామని ఇలా మార్చామన్నాడు. చెబుతున్నంతసేపూ ఇనప రేకు కట్టిన తాడు ముడి వంకే చూస్తున్నాడు.

మొదట మోతమ్మకి కలిగింది హాయి. అది దాచుకోవాల్సిన పని లేదు. భుజాలు రెండూ దిగాయి. ఆ పూట బ్రేకు డ్రమ్ముల ఘట్టం ఎప్పుడూ లేనంత జోరుగా వాయించింది. డాన్సర్లు చెమటలు కక్కుతూ చప్పట్లు కొట్టారు కూడా.

చివరి ఘట్టానికి వచ్చేసరికి కర్రకి గుచ్చిన రబ్బరు బంతి తీసుకుని డ్రమ్ము తోలు మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. అలా రుద్దితే పెద్ద మిషనేదో దూరంగా మూలుగుతున్నట్టు శబ్దం వస్తుంది. బాబాయ్ ఆమె వెనక నిలబడి మాటలు అందుకున్నాడు. బాగా చెప్పాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, పిట్టల దగ్గర గొంతు కాస్త తడి చేశాడు. మోతమ్మ చెయ్యి దాని పని అది చేసుకుపోతూనే ఉంది గానీ, ఆమె పళ్లు బిగుసుకున్నాయి. కళ్లెదుట తన చెప్పులు ఇంకొకరు వేసుకుని నడిచిపోతుంటే చూస్తున్నట్టుంది.

పైగా అందరూ ఆమెతో అవసరానికి మించి మంచిగా ఉన్నారు. పొడుగు డాన్సర్ ఆమె అడక్కుండానే కుర్చీ తెచ్చి వేసింది. లైట్లాయన ఎప్పుడూ లేనిది టీ కప్పు చేతికి అందించాడు. తను లేనప్పుడు తన గురించి వీళ్లంతా మాట్లాడుకున్నారని ఆమెకి అర్థమైంది.

ఎవరు మొదలుపెట్టారో మాత్రం బాబాయ్ నోట బయటపడింది. ఆయన దాచాలని అనుకోలేదు, దాచాల్సిన విషయమని ఆయనకి తోచనే లేదు. టీ ఊదుకుంటూ పక్కన చతికిలబడి, "మీ అక్కగారు దర్శకుడికి ఫోన్ చేసి మంచి పని చేశారమ్మా. నువ్వు మొహమాటానికి ఒప్పుకున్నావని మాకెలా తెలుస్తుంది చెప్పు" అన్నాడు.

మోతమ్మ టీ పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించి, తన కర్రలన్నీ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో సర్దుకుంది. ఇంటికి వెళ్లేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలుగానూ మాట్లాడదు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

అక్క ఆస్పత్రి రిసెప్షన్లో పనిచేస్తుంది. రోజంతా పేషెంట్ల తరఫున డాక్టర్లతోనూ, డాక్టర్ల తరఫున పేషెంట్లతోనూ మాట్లాడటమే ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక ఆ ఉద్యోగం చెల్లెలి మీద కొనసాగుతుంది. గ్యాసు బండకి ఫోన్ చేసేది అక్క, కిందింటివాళ్లతో వాదించేది అక్క, చుట్టాలొస్తే చెల్లెలి కుశలం చెప్పేది కూడా అక్కే.

మోతమ్మ తలుపు తీసుకుని వచ్చేసరికి అక్క ఆరిన బట్టలు సోఫా మీద కుప్పపోసుకుని మడతపెడుతోంది. మోతమ్మ సంచి కింద పెట్టకుండానే ఎదురుగా నిలబడింది.

"నువ్వు ఫోన్ చేశావా?"

అక్క మడత ఆపలేదు. చేశానంది. ఏం తప్పుందన్నట్టే చెప్పింది. స్నానాలగది తలుపు బయట నుంచి తను అన్నీ వింటూనే ఉందట, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా బాగానే చెప్తారట. అక్కడ కూర్చునేది టికెట్టు కొనుక్కున్న జనమట. ఎవడో ఒకడు కిసుక్కున నవ్వితే, ఆ తరవాత నెలల తరబడి ఇంట్లో నోరు విప్పకుండా కూర్చునేదెవరట.

"ఆ మాటలు..." అంది మోతమ్మ. కోపం వస్తే ఆమెకి ఏ అక్షరమైనా అడ్డమే. "ఆ మాటలు న... న... న..."

"నన్నడిగి చెయ్యాల్సింది అంటావు. అడిగితే వద్దంటావనే అడగలేదు" అని అక్క ఆ వాక్యం పూర్తిచేసేసింది.

మోతమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. అక్క పెదాలు కదిలాయి. మోతమ్మ ముందుకి వంగి, మోగుతున్న రేకుని ఆపేటప్పుడు పెట్టినట్టు, అక్క చేతిమీద అరచెయ్యి ఆనించింది. అక్క చేతిలోని దిండుగలీబు సగం మడతలో ఆగిపోయింది. ఆ అక్షరం రావడానికి పట్టినంత సేపూ పట్టింది.

"ఆ మాటలు న... నాకిష్టం అక్కా. నాకు చెప్పాలనుంది."

అక్క దిండుగలీబు ఒళ్లో పెట్టుకుంది. ఆ వాక్యం ఇలా ముగుస్తుందని ఆమె అనుకోలేదు. "నువ్వు మాట మధ్యలో ఆగిపోతే నాకిక్కడ ఊపిరాడదే" అని రొమ్ముమీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు పడే అవస్థ కన్నా నాదే ఎక్కువ. ఆ మాట నేను చెప్పేస్తేగానీ వదలదు. నీకోసం అనుకుంటావు గానీ, సగం నాకోసమే."

ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉంటూ ఈ సంగతి మోతమ్మకి తెలియదు. సంచి దించి అక్క పక్కన కూర్చుంది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని దుప్పటి మడత పెట్టారు. కోపం ఎక్కడికి పోయిందో గానీ, దాని చోటులో కాస్త నవ్వు మిగిలింది.

"నువ్వు ముగించేవాటిలో సగం తప్పులే" అంది మోతమ్మ. ఈసారి ఎక్కడా తడబడలేదు.

"సగం ఒప్పులేగా మరి" అంది అక్క.

మర్నాడు దర్శకుడు రాకముందే మోతమ్మ హాలుకి వెళ్లి వాకిట్లో కాచుకుంది. మాటలు తనకి తిరిగి కావాలని చెప్పింది. ఆ ఒక్క ముక్కకే ఇద్దరూ చాలాసేపు మెట్లమీద నిలబడాల్సి వచ్చింది. దర్శకుడు చెడ్డవాడు కాదు. బోర్లించిన పూలకుండీల దగ్గరికి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, నిజం చెప్పాడు. అక్క ఫోన్ చేసినప్పుడు తనకీ గుండెల మీంచి బరువు దిగినట్టయిందట. ఆమెని అడిగిన రోజునుంచీ తనకి నిద్ర లేదట. "మీ సంగతి కాదండీ. చూసేవాళ్లు ఇబ్బంది పడతారేమోనని" అన్నాడు.

"ప... ప... పడనివ్వండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కాగితాలు వచ్చిన తరవాత ఆమె మొహంలోకి చూడటం అదే మొదటిసారి. సరేనన్నాడు. అయితే ఒక ఏర్పాటు ఉంటుందన్నాడు. బాబాయ్ వేదిక అంచున కూర్చుని ఉంటాడు. ఆమె మరీ ఆగిపోతే ఆయన అందుకుంటాడు. మోతమ్మకి అది నచ్చలేదు. కానీ నలుగురూ కలిసి నెలల తరబడి కట్టిన ప్రదర్శన అది, ఆమె ఒక్కదానిదే కాదు. అతని భయానికీ కాస్త చోటివ్వాలి కదా అనుకుని ఒప్పుకుంది.

రిహార్సల్ మొదలైంది. మొదటిసారి మోతమ్మ డ్రమ్ము మీద నడక పట్టుకుని, ఒక్కో దెబ్బకి ఒక్కో మాట అతికించి చెప్పింది. అలా చెబితే నత్తి దగ్గరికి రాదు. కానీ మధ్యలోనే దర్శకుడు ఆపేశాడు. ఎక్కాలు అప్పజెప్పినట్టుందన్నాడు. ఆమెకీ అలాగే అనిపించింది. మిల్లు ఆగిపోయాక దెబ్బల లెక్క ఎక్కడుంటుంది? చేతికి రబ్బరు బంతే ఉండాలి, నోటికి ఏ ఊతమూ ఉండకూడదు.

రెండోసారి గేటు అన్న మాట కొద్దిగా తన్నుకుని బయటపడింది. కిటికీ దగ్గర మాత్రం అంతా ఆగిపోయింది. ఆ సమయానికి పొడుగు డాన్సర్ ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి ఉంటుంది. 'తీశాను' అన్న మాట చెవిన పడగానే నేలమీదకి వాలిపోవాలి, పసుప్పచ్చ లైట్లు పోయి తెల్లవెలుతురు రావాలి. మాట రాలేదు. డాన్సర్ కాలిపిక్క వణకడం మోతమ్మకి స్పష్టంగా కనిపిస్తోంది. నాలుక తనంతట తనే పక్కదారి వెతుక్కుంది.

"ఇంటికెళ్లి తలుపు తీశాను" అనేసింది.

డాన్సర్ వాలింది, లైట్లు మారాయి. దర్శకుడు తలుపైనా బాగానే ఉంది, అలాగే ఉంచేద్దామన్నాడు. అడ్డం వచ్చిన మాటని వదిలేసి పక్కమాట పట్టుకోవడం మోతమ్మకి అలవాటైన విద్యే. ఆ విద్యతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. కానీ ఇంటికెళ్లినవాళ్లు ఎవరైనా తలుపు తీస్తారు. ఈవిడ అంతకుముందెన్నడూ ముట్టుకోని కిటికీ తీసింది. అదంతా చెప్పే ఓపిక లేక, "కాదు" అని మాత్రం అంది.

మూడోసారి కూడా ఆగింది. ఇంకా ఎక్కువసేపు ఆగింది. డాన్సర్ తూలి, మాట రాకముందే మోకాలిమీద పడింది. మోతమ్మ బంతి వదిలేసి పరిగెత్తింది. డాన్సర్ మోకాలు రుద్దుకుంటూ, ఇంకా పైకి లేవకుండానే, "మీకెంతసేపు పడితే అంతసేపు తీసుకోండి. నిలబడటం నా పని కదా" అంది. ఆ తరవాత రెండుకాళ్ల మీద నిలబడటానికి ఒప్పుకోలేదు. మునివేళ్లు మానేసి, పాదం మొత్తం ఆనించి ఒంటికాలి మీదే నిలబడే పద్ధతి తనే కనిపెట్టింది. అది చూడటానికి ముందుకన్నా బాగుందని లైట్లాయన అన్నాడు.

ప్రదర్శన రోజు సాయంత్రం హాలు నిండింది. తెర లేని వేదిక కాబట్టి జనం లోపలికి వస్తున్నంతసేపూ మోతమ్మ వాళ్ల కళ్లెదుటే తన సామాను సర్దుకుంటోంది. తాళ్లు లాగి చూసుకుంది. బ్రేకు డ్రమ్ముల కింద మందపాటి గుడ్డ సరిచేసుకుంది. అరచేతుల చెమట పాత తువ్వాలుకి తుడుచుకుంది. రెండో వరసలో అక్క కూర్చుని ఉంది. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, సంచి ఒళ్లో పెట్టుకుని దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

వాయించడం మొదలయ్యాక మోతమ్మకి జనం కనిపించలేదు. రేకుల ఘట్టంలో మిల్లులో తెల్లారింది. బ్రేకు డ్రమ్ముల ఘట్టంలో షిఫ్టు మారింది. రేకుల మధ్య డాన్సర్లు దూసుకుపోతుంటే వాళ్ల ఊపిరి ఆమె మోచేతులకి తగులుతోంది. గాంగు మీద చివరి దెబ్బ కొట్టి, దాని మోత పూర్తిగా చచ్చిపోయేదాకా ఆగింది. బంతి తీసుకుంది. వేదిక అంచున బాబాయ్ చీకట్లో ముడుచుకుని కూర్చున్నాడు.

"గేటుకి తాళం వేసిన రోజు నేను లోపలే ఉన్నాను."

శుభ్రంగా వచ్చింది. రెండో వాక్యమూ వచ్చింది. డాన్సర్ కాలు లేచింది.

"ఇంటికెళ్లి క..."

అక్కడ ఆగింది.

దవడ బిగుసుకుంది. చెయ్యి డ్రమ్ము మీద రుద్దుతూనే ఉంది, మూలుగు సాగుతూనే ఉంది. తలుపు అన్న మాట నాలుక చివర తయారుగా ఉంది. అనేస్తే అయిపోతుంది, ఎవరికీ తెలియదు కూడా. ఆమె దాన్ని తీసుకోలేదు. చీకట్లో బాబాయ్ వెన్ను నిటారైంది, ఆయన ఊపిరి పీల్చుకోవడం కనిపించింది. మోతమ్మ ఆయన వంక తిరిగి, కళ్లతోనే వద్దంది. ఆయన ఆ పీల్చిన ఊపిరి అలాగే బిగబట్టాడు.

జనంలో ఎవరి కుర్చీయో కిర్రుమంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఆమె చేసేది అదే, ఆ మాట వచ్చేదాకా అక్కడ ఉండటం. ఇన్నేళ్లలో ఎప్పుడు మాట ఆగినా వెనకాలే పరిగెత్తుకొచ్చే భయం ఈసారి రాలేదని ఆమె గమనించింది. ఆగింది, అంతే. ఎర్రలైటు దగ్గర బస్సు ఆగినట్టు. బస్సులో ఉన్నవాళ్లు దిగిపోరు. పొడుగు డాన్సర్ ఒంటికాలి మీద స్తంభంలా నిలబడే ఉంది.

"...కిటికీ తీశాను."

డాన్సర్ నేలకి వాలింది. వేదికంతా తెల్లగా అయిపోయింది.

"మా వీధిలో పి... పిట్టలున్నాయని ఆ రోజే తెలిసింది."

బంతి పక్కన పెట్టి, బోర్లించిన పూలకుండీల మీద వేళ్లకొనలతో చిన్నగా, తోచినట్టు తట్టింది. వీడియో ఆగిపోయింది. ఆమె వేళ్లూ ఆగిపోయాయి. తరవాత వచ్చిన చప్పట్లు పెద్ద వానలా వచ్చాయి.

హాల్లో దీపాలు వెలిగాక ఆమె మొదట చూసింది రెండో వరసకేసి. అక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఈలోగా దర్శకుడు వచ్చి రెండు చేతులూ పట్టుకుని, ఏదో చెప్పబోయి చెప్పలేక, తనకి మాట రావడం లేదని నవ్వాడు. బాబాయ్ వచ్చి తలమీద చెయ్యి వేశాడు. "నోటిదాకా వచ్చిందమ్మా. మింగేశాను. ఇన్నేళ్ల నటనలో ఇంత కష్టమైన వేషం వెయ్యలేదు" అన్నాడు. డాన్సర్ నేలమీద కాళ్లు చాపుకుని పిక్కలు ఒత్తుకుంటూ, రేపు ఆ మాట కాస్త తొందరగా వచ్చినా అభ్యంతరం లేదంది. అందరితోపాటు మోతమ్మా నవ్వింది.

కర్రలు సర్దుకుని బయటి వరండాలోకి వచ్చేసరికి అక్క తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గేటు అన్న మాట వినగానే లేచి బయటికొచ్చేశానని తనే ఒప్పేసుకుంది. లోపలుంటే రెండో వరస లోంచి గట్టిగా కిటికీ అని అరిచేసేదాన్నంది. తలుపుకి చెవి ఆనించి విన్నదట. "నువ్వు ఆగాక లోపల ఒక్కరూ దగ్గలేదు. అందరూ కాచుకున్నారే" అంది. అది ఆమెకి ఇంకా నమ్మశక్యంగా లేదు. రేపు లోపలే కూర్చుంటానంది, కావాలంటే నోట్లో రుమాలు కుక్కుకునైనా సరే.

అక్కచెల్లెళ్లు మెట్లవైపు నడుస్తుండగా ఒక పెద్దావిడ అడ్డం వచ్చింది. చేతిలో టికెట్టు ముక్క ఇంకా ఉంది. తను మిల్లులో కాదు గానీ ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశానని, ఆ మోత వింటుంటే పాతరోజులు కళ్లకి కట్టాయని అంది. తరవాత మోతమ్మ కేసి తిరిగి, ఆ రేకులూ అవీ ఎక్కడ దొరికాయని అడిగింది.

మోతమ్మ నోరు తెరిచింది. 'ప' దగ్గర గొంతు పట్టేసింది.

పక్కన అక్క నోరు కూడా తెరుచుకుంది. తెరుచుకున్న నోరు అలాగే మూసుకుని, తన భుజాన సంచి పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా ఉన్న పట్టీని ఇటు లాగింది, అటు లాగింది. పెద్దావిడ తొందరపడలేదు. వచ్చిపోయేవాళ్లు వాళ్లని తప్పుకుని మెట్లు దిగుతున్నారు.

"ప... ప... పాత ఇనప సామాన్ల కొట్లో" అంది మోతమ్మ. "ఒక్కొక్కటీ క... కొట్టి చూసుకుని తెచ్చుకున్నాను. కొట్టువాడు విసుక్కున్నాడు."

పెద్దావిడ నవ్వింది. వాక్యం పూర్తిగా అయిపోయిందని రూఢి చేసుకోవడానికి అక్క చెల్లెలి మొహంలోకి ఒకసారి చూసింది.

"బేరం మాత్రం నేనాడాను" అంది.

మోతమ్మ కాదనలేదు. అది నిజమే.